కల్లు దుకాణం మళ్లీ తెరుస్తున్నరట... మా ఊరోళ్లకి ఏం కావాలి?

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మా కాక పెట్టిన వాయిస్ మెసేజ్ పదకొండు సెకన్లే. "మన కల్లు దుకాణం మళ్ల తెరుస్తున్నరట. అవ్వకు మాత్రం ఎవ్వలు చెప్పకుండ్రి." దాని కింద మా వదిన దండం ఎమోజీ పెట్టింది. మా తమ్ముడు గ్లాసుల ఎమోజీ పెట్టాడు. ఇంట్లోనే రెండు పార్టీలన్నమాట.

శుక్రవారం రాత్రి జేబీఎస్‌లో బాన్సువాడ బస్సెక్కేశా. ఇంటికెళ్లాక తెలిసింది ఏంటంటే, దుకాణం తెరుస్తున్నారన్న కబురు కాకకి చెప్పిందే అవ్వట!

మాది కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్ మండలం. ఊరి పేరు చెప్పను. చెబితే మళ్లీ ఊళ్లోకి పోవాలి కదా. నిజాంసాగర్ కాలువ నీళ్లు పారే ప్రాంతం. ఎటు చూసినా వరి. 2016 దాకా మేము నిజామాబాద్ జిల్లావాళ్లం. కొత్త జిల్లాలు వచ్చినప్పుడే మాకు మండలమూ వచ్చింది. కొన్ని ఇళ్లలో బీడీలు చుడతారు, మిగతా ఇళ్లలో పొలం పని. సాయంత్రం అయ్యిందంటే ఇద్దరూ చేరే చోటు ఒక్కటే, కల్లు దుకాణం.

సిటీలో పుట్టినవాళ్లకి ఇది అర్థం కావడం కొంచెం కష్టం. మీరు వీకెండ్‌లో పబ్బుకి వెళ్తారు, ఫొటో పెడతారు. మా దగ్గర దుకాణానికి వెళ్లడానికి వీకెండ్ అక్కర్లేదు, మగవాడే అయ్యుండాల్సిన పనీ లేదు. నాట్లేసి వచ్చిన అమ్మలక్కలు కాళ్లకి బురద అట్లాగే ఉండగా చింతచెట్టు కింద కూర్చుని చెరో సీసా తాగి, గుడాలు తిని, నవ్వుకుని ఇంటికి పోతారు. ఎల్లమ్మకి, పోచమ్మకి సాక పోయాలన్నా కల్లే. పెండ్లికీ కల్లే, చావుకీ కల్లే. నా చిన్నప్పుడు అవ్వ చేయి పట్టుకుని ఆ చెట్టు కిందకి పోయి శనిగలు తిన్నదాన్ని నేనూ. ఇప్పుడు హైదరాబాద్‌లో ఎవరికైనా ఆ మాట చెబితే ఒక రకంగా చూస్తారు.

మరి ఆ దుకాణం ఎందుకు మూతబడింది?

2025 ఏప్రిల్‌లో మా మండలం పేరు టీవీల్లో మోగిపోయింది. దుర్కి, అంకోల్, అంకోల్ తండా... ఇట్లా పక్కపక్క ఊళ్లలో కల్లు తాగినవాళ్లు పదుల సంఖ్యలో పడిపోయారు. మెడలు వంకరపోయాయి, మాట సరిగా రాలేదు, కొందరు పిచ్చిపిచ్చిగా ప్రవర్తించారు. బాన్సువాడ ఏరియా ఆసుపత్రి నిండిపోయింది. పరిస్థితి బాగాలేనివాళ్లని నిజామాబాద్ పంపారు. అదే ఏడాది జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లుకి ప్రాణాలే పోయాయి. కానీ మా దగ్గర ఏప్రిల్ గొడవకే చుట్టుపక్కల అందరూ భయపడ్డారు. మా ఊరి దుకాణానికి తాళం పడింది.

అవ్వ ఆ రోజు తాగలేదు. మేనత్త వాళ్ల ఊళ్లో పెండ్లి చూపులుంటే వెళ్లింది. అట్లా బయటపడింది.

2015 నాటి ఆ రాత్రి

అవ్వకి ఎందుకు చెప్పొద్దన్నారో చెప్పాలంటే పదేళ్లు వెనక్కి పోవాలి. 2015 సెప్టెంబర్. కల్తీ కల్లు మీద సర్కారు ఒక్కసారిగా దాడులు చేసింది. అమ్మేవాళ్లు భయపడి కల్లులో "మందు" కలపడం ఆపేశారు. మంచిదే కదా అనుకుంటాం. నాకప్పుడు పద్నాలుగేళ్లు. మొదటి రోజు అవ్వకి నిద్ర పట్టలేదు. రెండో రోజు చేతులు వణికాయి, చాయ్ గ్లాసు పట్టుకోలేకపోయింది. మూడో రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని చీపురుతో కొట్టడం మొదలుపెట్టింది. చనిపోయిన తాతతో మాట్లాడింది. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి.

ఆసుపత్రికి తీసుకెళ్తే వార్డంతా మా అవ్వలే, మా తాతలే. ఉమ్మడి నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆ నెలలో వందల మంది ఇట్లాగే చేరారు. కొందరిని మంచాలకి గుడ్డతో కట్టేశారు. నేను మా అవ్వ కాళ్ల దగ్గర కూర్చుని హోంవర్క్ చేసుకున్నా. ఆమె నన్ను గుర్తుపట్టడానికి నాలుగు రోజులు పట్టింది.

అప్పుడు మాకు తెలియని సంగతి ఏంటంటే, అవ్వ ఇన్నేళ్లూ తాగింది కల్లు కాదు. కల్లు రంగులో ఉన్న ఆల్ప్రజోలం నీళ్లు. ఆల్ప్రజోలం అంటే ఆందోళన తగ్గడానికి డాక్టర్లు రాసే మత్తు మాత్ర. మామూలుగా పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము బిళ్లలు ఉంటాయి. అంటే ఒక్క కిలో పొడితో అర మిల్లీగ్రాము డోసులు 20 లక్షలు అవుతాయి. లెక్క మీరే వేసుకోండి, ఇందులో ఎంత డబ్బుందో. చట్టం మామూలుగా లేదు. ఎన్‌డీపీఎస్ చట్టం కింద 100 గ్రాములు దాటి దొరికితే పదేళ్లకి తక్కువ కాకుండా జైలు. అయినా ఆగట్లేదు.

ఈ మందుతో చిక్కేంటంటే, అలవాటైన ఒంటికి అది టక్కున ఆపేస్తే ప్రమాదం. వణుకు, నిద్ర లేకపోవడం, లేనివి కనబడడం, ఫిట్స్... మా అవ్వకి జరిగింది అదే. కొద్దికొద్దిగా, డాక్టరు చూస్తుండగా తగ్గించాలి. 2015లో ఆ మాట చెప్పేవాళ్లు లేరు. అవ్వ ఇంటికొచ్చింది, రెండు నెలలకి దుకాణంలో మందు కూడా తిరిగొచ్చింది, అవ్వ మళ్లీ చింతచెట్టు కిందకి చేరింది. మేమేమీ అనలేదు. అంటే ఏం జరుగుతుందో చూశాం కాబట్టి, ఒకరకంగా మేమే రోజూ సాయంత్రం డబ్బులిచ్చి పంపాం. ఈ ముక్క రాయడానికి నాకు చాలా టైం పట్టింది.

ఈసారి ఏప్రిల్ తర్వాత మాత్రం వదిన ఊరుకోలేదు. తెల్లారే అవ్వని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. బిళ్లలు రాసి, వారం వారం తగ్గిస్తూ వచ్చారు. నాలుగు నెలలు పట్టింది. మీ ఇంట్లో కూడా ఇట్లాంటివాళ్లుంటే, బలవంతంగా మాన్పించకండి. 14446కి ఫోన్ చేయండి, వ్యసనం మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ అది. డబ్బులేమీ పడవు.

ఇప్పుడు దుకాణం మళ్లీ తెరుస్తున్నారు. పాత కాంట్రాక్టరు కాదు, ఊరి గీత కార్మికులే సొసైటీ తరఫున నడుపుతారట. శని, ఆదివారాలు రెండు రోజులూ ఊరంతా తిరిగి అందరినీ ఒకటే అడిగా. మీకు ఎట్లాంటి దుకాణం కావాలి?

కుర్రాళ్లకి పబ్బు, అక్కలకి బాత్రూమ్

మా తమ్ముడి బ్యాచ్‌కి క్లారిటీ ఉంది. కుర్చీలు కావాలి, ఫ్యాన్ కావాలి, యూపీఐ స్కానర్ కావాలి, బోటి ఫ్రై కావాలి. "అక్కా, కేరళల కల్లు షాపులు జూసినవా రీల్స్‌ల? కప్ప, చేపల కూర... ఫ్యామిలీలు పోతరు. మనకేమైంది?" అన్నాడొకడు. కప్ప అంటే అక్కడ కర్రపెండలం. వాడికి కప్ప అంటే నిజంగా కప్పే అని ఇంకొకడు నమ్మించేశాడు, అది వేరే కథ. కానీ మాట మాత్రం కరెక్టే. కేరళలో కల్లు షాపు తిండికి ఎంత ఫేమస్సో మనకీ తెలుసు. మన దగ్గర గుడాలు, పల్లీలు, గారెలు, తలకాయ కూర ఉండి కూడా దుకాణం అంటే రేకుల షెడ్డు, ఈగలు, విరిగిన సీసాలు.

ఆ కుర్రాళ్లలో ఇద్దరు కల్లు ముట్టరు, బీరే తాగుతారు. మరి దుకాణం దేనికిరా అంటే, "కూసోనికి జాగ లేదక్కా ఊర్ల. బస్టాండ్ల కూసుంటే పోలీసోళ్లు లేవగొడతరు, గుడి కాడ కూసుంటే పెద్దోళ్లు" అన్నారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. మా ఊళ్లో లైబ్రరీ లేదు, పార్కు లేదు.

బీడీలు చుట్టే ఓ చిన్నమ్మ దగ్గరికి పోయా. చేట ఒళ్లో పెట్టుకుని, ఆకు కత్తిరిస్తూనే మాట్లాడింది. "మాకు బాత్రూమ్ గావాలె బిడ్డా. మగోళ్లు గోడెనుక వోతరు. మేమెటు వోవాలె? తాగేది ఒక్క సీసా, గంటసేపు ఆపుకునుడు." పక్కనున్న ఇంకో చిన్నమ్మ అందుకుంది, "మంచి నీళ్లు. ఇంక ఏడు గంటలకు బందు పెట్టాలె. ఏడయినంక కూసునేటోడు తాగనీకి కాదు, కొట్లాడనీకి కూసుంటడు." నేను నోట్ చేసుకున్నా. ఊరంతా తిరిగితే నాకు దొరికిన వాటిలో అన్నింటికన్నా పనికొచ్చే సలహాలు ఇవే. కమిటీ మీటింగులో ఇవి ఎవరూ అడగలేదు. ఎందుకంటే ఆ మీటింగులో ఆడవాళ్లు లేరు.

మా వదినది వేరే లెక్క. "అసలు తెరవొద్దు" అంది, గిన్నెలు తోముతూ. ఏప్రిల్ నించి ఈ ఇంట్లో రాత్రిళ్లు నిద్రపోయింది తనొక్కతే కాదు, అందరూ అని తన పాయింట్. "చెట్టు కల్లే అంటరు. మొదట్ల అందరు చెట్టు కల్లే అన్నరు." ఏమంటాం?

నలభై చెట్ల లెక్క

అసలు సంగతి తెలిసింది గౌడన్న దగ్గరే. యాభై దాటినా పొద్దున్నే పొలం గట్ల మీద ఎనిమిది చెట్లు ఎక్కి దిగుతాడు. ఆదివారం తెల్లవారుజామున ఆయన వెంట పోయా.

మా వైపు ఎక్కువ ఈత కల్లే. తాటిచెట్టుకి గెల గీస్తారు కదా, ఈతకి అట్లా కాదు. మొవ్వు కింద మట్టలు తీసేసి, కాండాన్నే పలచగా చెక్కి లొట్టి కడతారు. ఒక ఏడు ఒక పక్క గీస్తే, వచ్చే ఏడు ఇంకో పక్క. అందుకే పాత ఈత చెట్టు మెలికలు తిరిగి నిచ్చెనలాగా ఉంటుంది. ఆ గాట్లు లెక్కపెడితే ఎన్నేళ్లుగా గీస్తున్నారో చెప్పొచ్చు. గౌడన్న ఒక చెట్టు చూపించి, "ఇది మా నాయిన మొదలువెట్టిండు" అన్నాడు. పద్దెనిమిది గాట్ల దాకా లెక్కపెట్టి వదిలేశా.

నడుముకి మోకు, వెనక కత్తి. సర్కారు 2024లో మొదలుపెట్టిన కాటమయ్య రక్ష కిట్ వాడట్లేదా అని అడిగా. "ఉన్నది. అలవాటు గావాలె" అన్నాడు, తమ్ముడు హెల్మెట్ గురించి అన్నట్టే.

ఇప్పుడు లెక్క వినండి, ఆయన చెప్పిందే. ఊళ్లో గీతకు పనికొచ్చే చెట్లు నలభై. ఏ చెట్టునీ రోజూ గీయలేం, కొన్నాళ్లు గీసి కొన్నాళ్లు ఆరనివ్వాలి. అంటే ఒక రోజుకి ఇరవై చెట్లే. సీజన్ బాగుంటే ఒక్కో చెట్టుకి మూడు నాలుగు లీటర్లు. మొత్తం అరవై నుంచి ఎనభై లీటర్లు. 650 మిల్లీలీటర్ల సీసాల్లో నింపితే తొంభై నుంచి నూట ఇరవై దాకా వస్తాయి. అదీ చలికాలంలో.

పాత దుకాణంలో రోజుకి ఎన్ని సీసాలు అమ్ముడుపోయేవి? ఐదు వందల పైనే. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ.

"మిగిలిన నాలుగు వందలు ఏ చెట్టు ఇచ్చింది బిడ్డా?" అని నన్నే అడిగాడు.

నీళ్లు, చక్కెర, తీపికి శాక్రిన్, నురగకి ఇంకేదో, మత్తుకి మందు. డిపో నించి ఆటోలో క్రేట్లు దిగేవి. ఊళ్లో అందరికీ తెలుసు. కాలువ నీళ్లొచ్చాక గట్ల మీద ఈత చెట్లు కొట్టేసింది మేమే, పొలం నాలుగు సాళ్లు పెరుగుతుందని. చెట్లు తగ్గాయి, తాగేవాళ్లు తగ్గలేదు.

అయితే తప్పంతా అమ్మేవాడిదే అని నేను అనుకుంటుంటే, ఆదివారం రాత్రి గ్రామాభివృద్ధి కమిటీ మీటింగ్ కళ్లు తెరిపించింది. మా నిజామాబాద్ వైపు ఊళ్లు తెలిసినవాళ్లకి ఈ కమిటీల సంగతి తెలుసు. వీటికి చట్టంలో చోటు లేదు, కానీ ఊళ్లో వీటి మాటే చెల్లుతుంది. కల్లు అమ్ముకోవాలంటే ఏటా కమిటీకి ఇంత కట్టాలి, సీసా ధర ఇంతే ఉండాలి. కాదంటే గౌడుల ఇళ్లతో ఎవరూ మాట్లాడొద్దని బహిష్కరించిన ఊళ్లున్నాయి, కోర్టుల దాకా పోయిన కేసులున్నాయి. మా ఊళ్లో అంతదాకా రాలేదు. కానీ కమిటీ పెద్దమనిషి అడిగింది రెండు. పాత లెక్కనే గుడి పనికి డబ్బులు కట్టాలి. సీసా ఇరవై రూపాయలు దాటొద్దు.

గీతవాళ్లు నలభై అంటున్నారు. రోజుకి వంద సీసాలు ఇరవై చొప్పున అమ్మితే రెండు వేలు. అందులో ఐదుగురు గీసేవాళ్లు, చెట్టు ఉన్న పొలం ఆసామికి వాటా, లైసెన్సు, కమిటీ. ఇట్లా అడిగితే మిగిలేది ఏంటి? మళ్లీ డిపో ఆటోనే. మంచి కల్లు కావాలని అందరూ అంటున్నారు, దాని ధర మాత్రం ఎవరికీ వద్దు.

నాకు ఇంగ్లండ్ పల్లెల సంగతి గుర్తొచ్చింది. అక్కడ ఊరి పబ్ మూతబడబోతుంటే ఊరోళ్లంతా షేర్లు వేసుకుని కొనుక్కుంటారు. అట్లా బిడ్ వేసే హక్కు 2011లో చట్టమే ఇచ్చింది. నడిపేది ఊరు, లాభం ఊరికి. మన దగ్గర కల్లుగీత సహకార సంఘం ఐడియా దాదాపు అదే, పైగా చాలా పాతది. చెట్టు ఎక్కేవాడే ఓనరు. కాగితం మీద. లైసెన్సు సొసైటీ పేర, నడిపేది వేరేవాడు అయినప్పుడు కథ మారిపోతుంది. హైదరాబాద్‌లో 2004లో మూసిన కల్లు కాంపౌండ్లని 2014లో తెరిచినప్పుడు గీత కార్మికులకి బతుకు దొరుకుతుందని అందరం సంతోషపడ్డాం. ఆ ఊళ్లో ఎన్ని ఈత చెట్లున్నాయని మాత్రం ఎవరం అడగలేదు. నెక్లెస్ రోడ్డులో 2023లో తెరిచిన నీరా కేఫ్‌కి నేనూ వెళ్లా, సెల్ఫీ దిగా. బాగుంది. కానీ మా చిన్నమ్మ నాట్లేసి వచ్చి నీరా తాగదు.

మీటింగ్‌లో నేను లేచి రెండు ముక్కలు మాట్లాడా. నలభై చెట్లు, నూట ఇరవై సీసాల లెక్క చెప్పా. అంతకన్నా ఎక్కువ అమ్మితే అది కల్లు కాదని అందరికీ తెలిసేలా, ఎన్ని లొట్లు దిగాయో పొద్దున్నే బోర్డు మీద రాయాలన్నా. చిన్నమ్మల బాత్రూమ్ గురించి కూడా చెప్పా. కొందరు నవ్వారు. సీసా ముప్పైకి ఒప్పుకున్నారు. కమిటీ డబ్బుల సంగతి దసరా తర్వాత చూద్దామన్నారు. బోర్డు సంగతి గౌడన్న ఒక్కడే "రాస్త" అన్నాడు.

తెరిచిన రోజు

సోమవారం సెలవు పెట్టా. దుకాణం కొత్తదేం కాదు, అదే రేకుల షెడ్డు, సున్నం మాత్రం కొట్టారు. కాటమయ్యకి కొబ్బరికాయ కొట్టి, మొదటి లొట్టి సాక పోశారు. ఇంకా చలి మొదలుకాలేదు కాబట్టి కల్లు తక్కువే దిగింది. పలక మీద సుద్దముక్కతో రాసి ఉంది, "ఈ రోజు 64 సీసాలు".

తొమ్మిదిన్నరకల్లా అయిపోయాయి.

తాగినవాళ్లలో సగం మందికి నచ్చలేదు. "గిదేం కల్లు, సప్పగ నీళ్ల లెక్క" అన్నాడు ఓ పెద్దాయన. ఆయన చేతులు వణుకుతున్నాయి. ఏప్రిల్ తర్వాత ఆయన డాక్టరు దగ్గరికి పోలేదని, పక్క మండలం నించి తెప్పించుకుంటున్నాడని తర్వాత తెలిసింది. పదకొండింటికి నాలుగు బండ్లు అటువైపే పోయాయి. గౌడన్న చూశాడు, ఏమీ అనలేదు, ఖాళీ సీసాలు కడుక్కున్నాడు. స్కానర్ పెట్టారు గానీ, ఆ రోజు సిగ్నల్ లేదు.

మధ్యాహ్నం ఇంటికొస్తే అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. వదిన లోపల. నా బ్యాగులో ఒక సీసా ఉంది, గౌడన్న విడిగా తీసిపెట్టి ఇచ్చింది. ఇవ్వాలా వద్దా అని దారంతా ఆలోచించా. డాక్టరు బిళ్లలు ఆపి నెల దాటింది. ఏమీ ముట్టకపోతేనే మంచిదని ఆయన చెప్పాడు.

"తెచ్చినవా?" అంది.

తెచ్చానని చెప్పా. ఇవ్వనని కూడా చెప్పా. అవ్వ కోపం తెచ్చుకుంటుందనుకున్నా. చేయి చాపి సీసా తీసుకుని మూత తీసింది, వాసన చూసింది. కొంచెంసేపు అట్లాగే పట్టుకుంది. "చెట్టుదే" అంది. లేచి వాకిట్లో తులసి పక్కన ఎల్లమ్మ గూటి ముందు కొంచెం పోసి, సీసా నా చేతిలో పెట్టింది.

"నీ పెండ్లికి ఇసొంటిదే తెప్పియ్యి" అంది. తర్వాత వదినని పిలిచి, రాత్రికి ఏం కూర అని అడిగింది.